ఇంటి జబ్బును దాచవద్దు



క్లోనింగ్ అనే మాట వినగానే మన సంఘాలలో చాలామంది ఉలిక్కిపడతారు. 1997లో స్కాట్లాండ్ శాస్త్రవేత్తలు డాలీ అనే గొర్రెను లోకానికి చూపించినప్పటి నుండి, క్లోనింగ్ అంటే మనిషికి నకలు మనిషిని చేయడమే అన్న భయం పాతుకుపోయింది. జన్యువును క్లోనింగ్ చేయడం అది కాదు. డి.ఎన్.ఏ.లోని ఒక చిన్న ముక్కను తీసి, బాక్టీరియాలోనో ఈస్టులోనో ఉంచి, ఆ ముక్కకు లెక్కలేనన్ని ప్రతులు వచ్చేలా చేయడమే జన్యు క్లోనింగ్. షుగరు ఉన్నవారు వేసుకొనే హ్యూమన్ ఇన్సులిన్‌కు 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఈ పద్ధతిలో తయారైనదే. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా అంతే. కాబట్టి ఈ మాటకు జడవనక్కరలేదు. దీనివల్ల మనం నేర్చుకోవలసిన పాఠం మాత్రం ఒకటి ఉంది.

షాంఘైలో పుట్టి, హాంగ్‌కాంగ్‌లో పెరిగిన లాప్-చీ సుయ్ అనే మాలిక్యులర్ బయాలజిస్టు 1981లో కెనడా దేశంలోని టొరంటో పిల్లల ఆసుపత్రిలో చేరారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధికి కారణమైన జన్యువును వెదకడం ఆయన పని. ఈ జబ్బు ఉన్న పిల్లల ఊపిరితిత్తులలో కఫం జిగురుగా పేరుకుపోతుంది, తిన్నది సరిగా అరగదు, చెమట మరీ ఉప్పగా ఉంటుంది. తెల్లజాతి వారిలో ఇది ఎక్కువ. మన దేశంలో తక్కువేగాని లేకపోలేదు.

మనిషి కణంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో ఒక్క జన్యువును పట్టుకోవడమంటే, చిరునామా లేకుండా దేశమంతా తిరిగి ఒక ఇల్లు వెదకడం వంటిది. ముందు జిల్లా తెలియాలి, తరువాత మండలం, ఊరు, వీధి, చివరకు ఇంటి నంబరు. 1985లో "జిల్లా" తెలిసింది. అది ఏడవ క్రోమోజోము. అక్కడి నుండి అడుగడుగునా డి.ఎన్.ఏ. ముక్కలను క్లోన్ చేసుకుంటూ, అదే ఆసుపత్రిలోని జాక్ రియోర్డాన్, అమెరికాలోని ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలతో కలిసి 1989లో ఆ జన్యువును చేరుకున్నారు. సుమారు లక్షా తొంభై వేల అక్షరాల పొడవున్న జన్యువది. ఆ జబ్బుకు కారణమైన లోపాలలో దాదాపు 70 శాతం ఒకే రకానివి. అక్కడ మూడంటే మూడే అక్షరాలు లేవు!

అయితే ఆ చిరునామాను శాస్త్రవేత్తలు ఒంటరిగా కనిపెట్టలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఈ జబ్బు ఉన్న కుటుంబాలు ముందుకు వచ్చాయి. తల్లి, తండ్రి, జబ్బు ఉన్న బిడ్డ, జబ్బు లేని బిడ్డ అందరూ రక్తం ఇచ్చారు. తమ పిల్లలకు దానివల్ల మందు దొరుకుతుందన్న భరోసా వారికి ఎవరూ ఇవ్వలేదు. నిజానికి జన్యువు దొరికిన 23 ఏళ్ళకు, 2012లోగాని దానిమీద నేరుగా పనిచేసే మొదటి మందు రాలేదు. అదీ కొద్దిమందికే. ఎక్కువమందికి పనిచేసే మందు 2019లో వచ్చింది. దాని ధర సామాన్యులకు అందేది కాదు. అయినా ఆ కుటుంబాలు తమ ఇంటి జబ్బును దాచలేదు గనుకనే ఇంతవరకు వచ్చింది.

మరి మన సంగతి ఏమిటి? మన ఇళ్ళలో జబ్బు ఉంటే మొదట చేసే పని దాచడం. "బయటికి తెలిస్తే పిల్లలకు సంబంధాలు రావు" అంటాము. అత్తవారు కోడలిని అంటారు, ఇరుగుపొరుగు తల్లి పాపమంటారు. కొందరు విశ్వాసులు కూడా శాపమంటారు. నా అభిప్రాయంలో జబ్బుకంటె ఈ నింద ఎక్కువ హాని చేస్తోంది.

తలసీమియానే తీసుకుందాం. ఇది మన రాష్ట్రాల్లో ఉన్న జబ్బు. బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది, కొన్ని నెలలకు పాలిపోతుంది. ఆ తరువాత మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరిలోనూ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి ఉంటేనే బిడ్డకు జబ్బు వస్తుంది. అప్పుడు కూడా ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అవకాశం మాత్రమే. అంటే తల్లి ఎంతో తండ్రీ అంతే. ఇందులో కోడలిని నిందించడానికి చోటెక్కడ? మేనరికాలలో ఇద్దరికీ ఒకే తాత నుండి ఒకే లోపం వచ్చే అవకాశం పెరుగుతుంది. మేనమామ వరస పెళ్ళిళ్ళలో ఇంకా ఎక్కువ. ఇప్పటికే అలా పెళ్ళయినవారు భయపడవద్దు, డాక్టరును కలవండి.

ఇది ముందుగా తెలుసుకోవడానికి లక్షలు ఖర్చు పెట్టనక్కరలేదు. రక్త పరీక్ష, దానితోపాటు హిమోగ్లోబిన్ రకాలను చూపే పరీక్ష చాలు. సికిల్ సెల్ వ్యాధి కూడా ఇలాగే ఇద్దరి నుండీ వస్తుంది. 2023లో కేంద్ర ప్రభుత్వం దాని నిర్మూలనకు కార్యక్రమం ప్రారంభించి, గిరిజన ప్రాంతాలలో పరీక్షలు చేయిస్తోంది. పిలిచినప్పుడు తప్పించుకోవద్దు.

పెళ్ళి మాటలలో కట్నం, ఉద్యోగం, పొలం అన్నీ అడుగుతాము. "మీ ఇంట్లో చిన్నతనంలో చనిపోయిన బిడ్డలున్నారా? తరచుగా రక్తం ఎక్కించుకున్నవారున్నారా?" అని ఎవరూ అడగరు. అడిగితే తప్పు పట్టుకుంటారు. ఈ పద్ధతి మారాలి. పెళ్ళి ప్రకటనకు ముందు జరిగే కౌన్సెలింగులో పాస్టరుగారు ఈ పరీక్షల మాట ఎత్తాలని నా మనవి. గర్భం వచ్చిన తరువాత కన్నీళ్ళతో నిర్ణయాలు తీసుకోవడం కంటె పెళ్ళికి ముందే తెలుసుకోవడం మేలు. పరీక్షలో లోపం తేలినంత మాత్రాన ఆ అమ్మాయినిగాని అబ్బాయినిగాని తక్కువచేసి చూడకూడదు. వారు రోగులు కారు. ఆ ఫలితాన్ని ఊరంతా చెప్పడం కూడా పాపమే. దాచవద్దు అంటే డాక్టరు దగ్గర, పెళ్ళాడబోయే వారి దగ్గర దాచవద్దని అర్థం.

పుట్టు గుడ్డివానిని చూసి, ఇది ఇతని పాపమా, తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడిగారు. ప్రభువు ఆ రెండూ కాదన్నాడు. ఆ జవాబు విని రెండు వేల ఏళ్ళు కావస్తున్నా మనం ఇంకా అదే ప్రశ్న అడుగుతున్నాము. మూడు అక్షరాలు తప్పిపోవడం ఎవరి పాపమూ కాదు. తెలిసీ నోరు మూసుకోవడం మాత్రం మన చేతిలో ఉన్న తప్పు.

ప్రభువు మీ కుటుంబములను ఆరోగ్యముతో దీవించును గాక.