కిలో బిడ్డకి పెద్దవాళ్ల చుక్కా?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి ఆర్‌ఓపీ (అలాంటి పిల్లల రెటీనాకి వచ్చే జబ్బు) పరీక్ష చేయించాల్సిందే. ఇందులో రెండో మాట లేదు. 34 వారాలలోపు పుట్టినా, రెండు కిలోలలోపు బరువున్నా, నెల తిరిగేలోగా కంటి డాక్టరు రెటీనా చూసి తీరాలి. చూడనందుకు ఒక ఆడపిల్ల చూపు పోతే, 2015లో సుప్రీంకోర్టు తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రి కేసులో సుమారు 1.8 కోట్ల రూపాయల పరిహారం కట్టమంది. కాబట్టి నా కోపం పరీక్ష మీద కాదు. పరీక్షకి ముందు వేసే మందుని "చుక్కే కదా" అని తేల్చేసే నిర్లక్ష్యం మీద.

కంటిపాప పెద్దది కావడానికి మన దగ్గర ఎక్కువగా వాడేది ట్రోపికామైడ్, ఫినైలెఫ్రిన్ కలిసిన చుక్కలు. షాపులో మామూలుగా దొరికే సీసాలో ట్రోపికామైడ్ 0.8 శాతం, ఫినైలెఫ్రిన్ 5 శాతం. అది పెద్దవాళ్ల మందు. లెక్క కట్టండి. 5 శాతమంటే మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాములు. చుక్క 0.05 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. అంటే ఒక్క చుక్కలో 2.5 మిల్లీగ్రాముల ఫినైలెఫ్రిన్. అరవై కిలోల మనిషికి అదో లెక్కా? కిలో బిడ్డకి మాత్రం, బరువుని బట్టి చూస్తే, అరవై రెట్లు! పైగా రెండు కళ్లకీ, పది పదిహేను నిమిషాలకోసారి, రెండు మూడు విడతలు.

అంత చిన్న కంట్లో ఆ చుక్క పట్టదు. చెంప మీదికి కారింది కారగా, మిగిలింది కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి, కాలేయం గడప తొక్కకుండానే రక్తంలో కలుస్తుంది. ఫినైలెఫ్రిన్‌తో బీపీ పెరగొచ్చు. ట్రోపికామైడ్ జాతి మందులతో పేగులు మందగించి, పాలు అరగక పొట్ట ఉబ్బొచ్చు. కొందరికి ఊపిరి ఆగుతుంది, గుండె నెమ్మదిస్తుంది. పరీక్ష పెట్టే నొప్పికీ ఇలా జరుగుతుంది లెండి. అందుకే చుక్క ఎప్పుడూ దొరకదు, నేరం పరీక్ష ఖాతాలో పడిపోతుంది.

పసిపిల్లలకి ఫినైలెఫ్రిన్ 2.5 శాతం దాటకూడదని నిపుణులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. మరి ఆ 5 శాతం మందుని పలుచన చేసేదెవరు? చాలాచోట్ల డ్యూటీ సిస్టరే. ఒకపక్క మానిటర్ మోగుతుంటే, ఇంకోపక్క సిరంజితో సగం మందు, సగం లూబ్రికెంట్ చుక్కలు కలపాలి. ఎప్పుడు కలిపారో లేబుల్ ఉంటే అదృష్టం. ఆమెని తప్పుపట్టను. ఫ్యాక్టరీలో జరగాల్సిన పని వార్డులో ఆమె నెత్తిన పెట్టినవాళ్లని అంటున్నాను. కిలో బిడ్డ కంపెనీలకి గిరాకీ కాదు, నిజమే. సర్కారుకి కూడా కాదా? రెండు తెలుగు రాష్ట్రాల మందుల కొనుగోలు సంస్థలు పసిపిల్లల మోతాదు సీసాని టెండర్లో విడిగా అడిగితే, తయారుచేసే కంపెనీలు పరిగెత్తుకొస్తాయి.

తల్లిదండ్రులారా, భయపడి పరీక్ష మానకండి. చుక్క వేసేముందు ఎంత శాతం మందో అడగండి. కారిన మందు వెంటనే తుడవమనండి, కంటి లోపలి మూల కాసేపు నొక్కి పట్టమనండి. పాలు ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు పట్టాలో కనుక్కోండి. పరీక్ష అయ్యాక కూడా బిడ్డని మానిటర్ మీదే ఉంచమనండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మళ్లీ అడగండి.