నెలనెలా పైసలు కడితే తీరిపోదు

మేం నల్లగొండ దగ్గరి పానగల్ వాళ్ళం. పిల్లలు హైదరాబాద్‌లోనో అంతకన్నా దూరంలోనో ఉంటే, మంచాన పడ్డ అవ్వను ఆశ్రమంలో చేర్చడం ఇప్పుడు మా దగ్గరా ఉంది. దాన్ని మేం తప్పుపట్టం. చేర్చినంక అటువైపు పోకపోవడాన్నే తప్పుపడతాం. 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో ఒక ఆశ్రమం నుంచి పోలీసులు 70 మందికి పైగా బయటికి తెచ్చారు. గొలుసులతో కట్టేశారని, కొట్టారని అప్పుడు పేపర్లు రాశాయి.

ఆశ్రమంలో మనిషికి దెబ్బ తగిలితే రాజీ పంచాయితీకి మేం కూర్చోం. ‘ముసలామె జారిపడ్డది’ అని ఆఫీసు గదిలో చాయ్ పోసి పంపిస్తే లేచి రాం. ముందు ఒళ్ళు చూస్తాం: తుంటి, మడమలు, నడుము కింద. అక్కడ పుండు పడితే, ఆమెను పక్కకు తిప్పి పండబెట్టిన దిక్కు ఉందా అని అడుగుతాం. తేదీ పడేటట్టు ఫోటో తీస్తాం. అదే రోజు సర్కారు దవాఖానలో చూపించి చీటీ తీసుకుంటాం. ఫీజు రసీదు ఇయ్యని ఆశ్రమంలో ఎవర్నీ చేర్చొద్దని ఊరంతా చెబుతాం. ఎందుకంటే పైసలు కట్టినట్టు రుజువుంటే నల్లగొండ వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. కట్టింది 5 లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు. కానీ 2 ఏళ్ళు దాటనీయొద్దు. ఉచిత ఆశ్రమాలకు ఈ దారి లేదు.

పోలీస్ స్టేషన్‌లో ఏం రాస్తామన్నది ముఖ్యం. చూసుకుంటానని ఒప్పుకొని నిస్సహాయుల్ని వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్ కింద 3 నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. శిక్ష చిన్నది, పైగా కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దాన్ని ముట్టుకోరు. గదిలో పెట్టి గొళ్ళెం వేశారంటే మాత్రం ఆ మాట విడవకుండా రాయించాలి. అక్రమ నిర్బంధం మీద వాళ్ళు నేరుగా కేసు కట్టొచ్చు.

పిల్లలే పట్టించుకోకపోతే తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర దరఖాస్తుకు వకీలు అక్కర్లేదు. పోషణ ఖర్చు నెలకు 10,000 దాటదన్న హద్దు మాత్రం ఆనాటిదే. ఆ హద్దు తీసేసి, ఆశ్రమాలకు రిజిస్ట్రేషనూ కనీస ప్రమాణాలూ పెట్టాలన్న బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చి, పాస్ కాకుండానే మురిగిపోయింది. దాన్ని మళ్ళీ తేవాలన్నది మా మొదటి డిమాండ్. అదొచ్చేదాకా అధికారులు ముందు ఫోన్ చేయకుండా ఆశ్రమాలకు పోయి చూడాలి.

భూమి గిఫ్ట్ రాసిచ్చేవాళ్ళకు ఒకటే చెబుతాం: ‘నన్ను సాకాలి’ అన్న షరతు కాయితంలోనే ఉండాలి. అది లేదని 2022లో సుప్రీంకోర్టు ఒక తల్లి వాదన ఒప్పుకోలేదు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లికి, కొడుకు చూసుకుంటానని రాసిచ్చిన కాయితం ఉండబట్టి, ఆస్తి తిరిగొచ్చింది.

అన్నదమ్ముల తగాదాలో అవ్వను ముందు పెట్టి నడిపే కేసు మేం పట్టం. దరఖాస్తు ఏదైనా ఆమెకు చదివి వినిపిస్తాం, కొడుకులూ కోడళ్ళూ లేని చోట. ఎక్కడ ఉంటావవ్వా, ఏం కావాలె అని అడుగుతాం. వేలిముద్ర ఆ తర్వాతే. వద్దంటే కాయితం చింపేస్తాం.