గృహవిజ్ఞానము: పుట్టగొడుగులు



మన కర్నూలు, కడప సీమలలో వాన కురిసి వెలిసినంతనే చెదపుట్టలపై గొడుగులు లేచును. సంస్కృతమున ఛత్రాకమనునది యిదియే. గత వానకారున నొక యవ్వ పొలమునుండి తట్టెడు తెచ్చి మాకిచ్చినది. “వెండిరూక వేసి యుడికింపుము, రూక నల్లబడనిచో మంచివే” యని మా యత్తగారనిరి. నేను వలదంటిని.

ఏలయన, వెండిగాని, పసుపుగాని, వెల్లుల్లిగాని విషమును కనిపెట్టజాలవు. తినదగినవానిని పోలినవే విషపువియు నుండును. కొన్నిటి విష మెంత యుడికించినను పోదు. తిన్నపిదప 6 మొదలు 24 గంటలవర కేమియు తెలియనీయక, ఆపై వాంతులు, విరేచనములు కలిగించి కాలేయమును చెరుచును. అనుమానము కలిగినచో నాలసింపక, మిగిలిన ముక్కతో నాసుపత్రికి పోవలయును.

కావున సాగుచేసినవానినే కొనుడు. పాలపుట్టగొడుగు 30-35 డిగ్రీల వేడిలోను పెరుగును గాన మన సీమకు తగినది. గట్టిగా, పొడిగా నున్నవి మేలు. జిగురుపట్టినవి, దుర్వాసనగలవి వలదు. కాగితపు సంచిలో నుంచి, ఫ్రిజ్జులో పెట్టి, 3, 4 దినములలో వాడుడు. వండుటకు ముందు రేకులవైపు పైకి త్రిప్పి, అరగంటసేపు మధ్యాహ్నపుటెండలో నుంచిన డి విటమిను వృద్ధియగును. నానబెట్టక త్వరగా కడిగి, మిరియాలు, జీలకఱ్ఱ చేర్చి బాగుగా నుడికింపుడు. ఇది బలమైన యాహారమే గాని, వైద్యుడిచ్చిన మందునకు బదులు గాదు.

ఆ తట్ట దిబ్బపాలయ్యెను. అత్తగారు రెండు దినములు నాతో పలుకలేదు. ఆ కోపమును సహించుట సులభమే; బిడ్డల ప్రాణములతో పరీక్ష సలుపుట సులభము గాదు.