తేటనీరంతా మంచినీరు కాదు

ద్రాక్షరసాన్ని ఇంటిలోనే పులియబెట్టి వైను తయారుచేసుకొనే దేశాలలో, దానిని వడకట్టే సాధనాన్ని స్వయంగా అమర్చుకోవడం చాలామందికి ఒక వేడుక. ఆ పనికి మూడు సూత్రాలున్నాయి. మొదట మడ్డిని అడుగుకు దిగనివ్వాలి. తరువాత ముతక వడపోత, ఆ పిమ్మట సన్నని వడపోత జరగాలి. అన్నిటికన్న ముఖ్యంగా, తొందరపడి ఒత్తిడి పెంచరాదు. రసం తేటపడిందంటే పని ముగిసినట్లే. దానిలోని ఆల్కహాలూ, పులుపూ రోగక్రిములను సాధారణంగా బ్రతకనీయవు.

గుజరాత్ రాష్ట్రం 1960లో ఏర్పడిన నాటినుండి అక్కడ మద్యనిషేధం ఉంది. కాబట్టి సూరత్ నగరపు ఆగ్నేయ భాగాన ఉన్న డిండోలిలో అటువంటి వేడుకకు తావు లేదు. అక్కడి ఇళ్లలో వడపోత అంటే నీటి వడపోతే. తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గాల పనికోసం వలస వెళ్లిన నేతకార్మిక కుటుంబాలు డిండోలి, లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడ్డాయి. అటువంటి ఇళ్లలో కొత్త వాననీరు పట్టినా, బావినీరు తోడినా, దానిని వడకట్టి తాగాలన్న ఆలోచన సహజంగా కలుగుతుంది.

పై మూడు సూత్రాలూ నీటికీ వర్తిస్తాయి. ఒక్క భేదం మాత్రం ఉంది. వైనుకున్న స్వీయరక్షణ నీటికి లేదు. అద్దంలా మెరిసే నీటిలో సైతం విరేచనాలనూ, టైఫాయిడునూ కలిగించే క్రిములుండవచ్చు. కంటికి కనిపించే మురికి పోయినంతనే భయం తీరిందనుకోవడం ఇంటి వడపోతలో జరిగే అతిపెద్ద పొరపాటు.

ఏ నీటికి ఏ వడపోత?

ఇసుక వడపోత అన్ని రకాల నీటికీ పనికిరాదు. క్లోరిన్ కలిపి సరఫరా చేసే కుళాయి నీటిని దానిలో పోయరాదు. ఇసుక పైపొరలో మేలుచేసే సూక్ష్మజీవుల పొర ఒకటి పెరుగుతుంది. వడపోతకు ప్రాణం అదే. క్లోరిన్ దానిని చంపివేస్తుంది. కుళాయి నీటికి కావలసినది శుభ్రమైన బిందె, మూత, పొడవు కాడగల గరిటె మాత్రమే. చేయి ముంచి నీరు తీసే అలవాటు ఎంత మంచి నీటినైనా చెరుపుతుంది.

వాననీరు, బావినీరు, క్లోరిన్ కలపని ట్యాంకరు నీరు ఇసుక వడపోతకు తగినవి. 2006 ఆగస్టులో తాపీనది పొంగి సూరత్ నగరంలో చాలా భాగాన్ని ముంచివేసింది. అటువంటి వేళల్లో ఇంటి వడపోత విలువ తెలుస్తుంది. అయితే నీటిలో కరిగిన పదార్థాలను ఇసుక ఆపలేదు. బోరునీటి ఉప్పదనం, నైట్రేటు, అద్దకపు రసాయనాలు, ఫ్లోరైడు వడపోత దాటి సుఖంగా వచ్చేస్తాయి. నల్లగొండ పేరుతో ప్రసిద్ధిచెందిన ఫ్లోరైడు నివారణ పద్ధతిలో పటిక, సున్నం కలపవలసి రావడానికి కారణం ఇదే.

చీర మడతలలోని శాస్త్రం

మొదటి వడపోతకు ఖర్చు లేదు. పాత నూలుచీరను నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి నీరు పోస్తే చాలు. పలుమార్లు ఉతికిన నూలుగుడ్డలో పోగులు నూగుదేరి, వాటి మధ్య సందులు చిన్నవవుతాయి. కలరా క్రిములు ఎక్కువగా నీటిలోని అతిసూక్ష్మ ప్రాణులను అంటిపెట్టుకొని ఉంటాయి. ఆ ప్రాణులు మడతలలో చిక్కుకొంటాయి. రీటా కాల్వెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం బంగ్లాదేశ్ గ్రామాలలో ఈ పద్ధతిని పరీక్షించి, కలరా దాదాపు సగానికి తగ్గినట్లు 2003లో ప్రకటించింది. సూరత్ మగ్గాలపై వెల్లువగా తయారయ్యే పాలియెస్టరు చీరకు నూలు పోగుకున్న ఈ గుణం లేదు. ఇంటిలోని పాత నూలుచీరే ఇందుకు తగినది. వాడిన ప్రతిసారీ దానిని ఉతికి ఎండలో ఆరవేయాలి.

నీరు బాగా కలకబారి ఉంటే ముందు ఒక పాత్రలో తేరనివ్వాలి. పటికతోగాని, తెలుగు పల్లెలకు చిరపరిచితమైన చిల్లగింజను సానపై అరగదీసిన గంధంతోగాని మడ్డి త్వరగా అడుగుకు చేరుతుంది.

ఇసుక వడపోత అమరిక

ఇసుక శక్తికి చరిత్రే సాక్ష్యం. 1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరం ఎల్బే నదీజలాన్ని వడకట్టకుండా సరఫరా చేసింది. కలరా సోకి సుమారు 8,600 మంది మరణించారు. పొరుగునే ఉన్న ఆల్టోనా పట్టణం అదే నదికి దిగువన, మరింత మురికినీటిని తీసుకొన్నా, ఇసుకలో వడకట్టినందువల్ల చాలావరకు తప్పించుకొంది. ఆ పద్ధతినే ఇంటికి తగినట్లు కుదించి, 1990 దశకంలో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మాంజ్ రూపొందించాడు.

దీనికి 90 సెంటీమీటర్ల ఎత్తుగల డ్రమ్ము కావాలి. మిల్లులున్న ఊళ్లలో రంగులు, రసాయనాలు నిలువచేసిన పాత డ్రమ్ములు చౌకగా దొరుకుతాయి. వాటిని ఎంత కడిగినా తాగునీటికి వాడరాదు. అడుగున 5 సెంటీమీటర్ల కంకర, దానిపై 5 సెంటీమీటర్ల గులకరాయి లేదా ముతక ఇసుక, ఆపైన 50 సెంటీమీటర్లకు తక్కువకాకుండా 0.7 మిల్లీమీటరు కన్నుల జల్లెడలో జల్లించిన సన్న ఇసుక ఉండాలి. డూమస్ తీరపు నల్లని ఇసుక ఎంత సన్నగా ఉన్నా పనికిరాదు. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది.

అడుగునుండి బయలుదేరిన గొట్టం డ్రమ్ము వెలుపల పైకి లేచి, దాని మూతి ఇసుక మట్టానికి 5 సెంటీమీటర్లు ఎత్తున ముగియాలి. అప్పుడు నీరు ఆ మట్టానికి వచ్చి ఆగిపోతుంది. ఇసుక ఎన్నడూ ఎండదు. పైనుండి నీరు ఒక్కసారిగా పడి ఇసుకను తవ్వకుండా చిల్లుల పళ్లెం ఒకటి అమర్చాలి. పైన మూత ఉండాలి. ఒక్కో విడత సుమారు 12 లీటర్లు పోసి, కనీసం గంటసేపు విరామమివ్వాలి. విరామం 48 గంటలకు మించరాదు. సూక్ష్మజీవుల పొర పూర్తిగా ఏర్పడడానికి నెలరోజుల వరకు పట్టవచ్చు.

లోపాలు, సవరణలు

మొదటి రోజులలో నీరు మసకగా వస్తే ఇసుక సరిగా కడగలేదని అర్థం. సీసాలో ఇసుక, నీరు పోసి ఊపి నాలుగు సెకన్లు ఆగి చూడాలి. నీటిగుండా ఇసుక పైభాగం లీలగా కనిపిస్తే సరిపోయినట్లు. మరీ ఎక్కువ కడిగితే సన్నని రేణువులు పోయి, నీరు అతివేగంగా దిగుతుంది.

డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడు లీటరు సీసా నిండడానికి రెండున్నర నిమిషాలు పట్టాలి. అంతకన్న చాలా త్వరగా నిండితే ఇసుక ముతకదై ఉండాలి, లేదా నీరు గోడవారగా దారిచేసుకొని ఉండాలి. ఇసుక మార్చక తప్పదు.

ధార బాగా సన్నగిల్లితే పైపొర పూడుకొన్నదన్నమాట. ఇసుకను తవ్విపోయడం, గొట్టం నోటపెట్టి లాగడం తగవు. పైన నిలిచిన నీటిని అరచేతితో మెల్లగా తిప్పి, కలకను చెంబుతో తోడివేస్తే చాలు. ఆ తరువాత కొన్ని రోజులపాటు వడపోతపై పూర్తి నమ్మకం ఉంచరాదు. పొర మళ్లీ పెరగవలసి ఉంటుంది.

మొదటినుండే నీరు ఆగి ఆగి వస్తే ఇసుకలో గాలి చిక్కి ఉంటుంది. ముందు డ్రమ్ములో నీరు పోసి, ఆ నీటిలోకి ఇసుకను వదిలితే ఈ చిక్కు రాదు. నీటికి దుర్వాసన వస్తే విరామం మితిమీరి, పైపొరకు గాలి అందక అది చనిపోయిందని గ్రహించాలి. గొట్టం చివర రబ్బరు పైపు తగిలించడం మరొక తప్పు. ఆ పైపు డ్రమ్ములోని నీటిని పూర్తిగా లాగివేసి, ఇసుకను ఎండబెడుతుంది.

చివరి మెట్టు

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా ఇసుక అన్ని క్రిములనూ ఆపలేదు. వైరసులు వాటిలో అతిచిన్నవి. అందువల్ల వడకట్టిన నీటిని తెర్లి బుడగలు వచ్చేలా ఒక నిమిషమైనా కాచాలి. లేదా క్లోరిన్ బిళ్లను పొట్లంపై సూచించిన మోతాదులో వేసి అరగంట ఆగాలి. వంటచెరకు, గ్యాసు పొదుపు చేయవలసిన ఇంటిలో మరొక ఉపాయం ఉంది. రెండు లీటర్లకు మించని రంగులేని ప్లాస్టిక్ సీసాలో తేటనీటిని నింపి ఆరు గంటలు ఎండలో ఉంచాలి. ఆకాశం మబ్బుపట్టి ఉంటే రెండు రోజులు ఉంచాలి. ఇక్కడ వడపోత అవసరం బోధపడుతుంది. కలకనీటిలో ఎండ లోనికి చొరదు. క్లోరిన్ కూడా మడ్డిమీదనే ఖర్చయిపోతుంది. తేటదనం చివరి గమ్యం కాదు, చివరి మెట్టు ఎక్కడానికి ఆధారం మాత్రమే.

ఆ మెట్టు ఎక్కిన నీటిని ఎక్కడ పోస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. నిన్నటి నీరు మిగిలిన బిందెలో నేటి మంచినీరు కలిపితే పడిన శ్రమ వృథా. వడపోత పక్కనే కడిగి బోర్లించిన బిందె ఒకటి ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండాలి.