రాళ్ళకు పురాణం చెప్పకండి

మక్తల్ చుట్టుపక్కల గుట్టల మీది గుండ్లు చూశారు కదా! పాలమూరు నేలంతా పరచుకున్న ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఐర్లండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ మాత్రం 1650లో బైబిలు వంశావళులు కూడి, సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని తేల్చాడు. ఏది నిజమమ్మా అని పిల్ల అడిగితే ఏం చెబుతారు?

"ఆదికాండంలో రోజంటే యుగం" అని సర్దిచెప్పేవారున్నారు. సరే, అందులో చెట్లు మూడో రోజున, సూర్యుడు నాలుగో రోజున పుట్టారే! సూర్యుడు లేకుండా ఒక యుగమంతా చెట్లెలా బతికాయండీ?

అసలు ఆ హెబ్రీ రచయితలు లెక్కలు కట్టడానికి కూర్చోలేదు. ఇరుగుపొరుగు రాజ్యాలవాళ్ళు సూర్యచంద్రులకు మొక్కుతుంటే, అవి దేవుడు పెట్టిన దీపాలే పొమ్మన్నారు. వాళ్ళ ధైర్యం అదీ!

మహావిస్ఫోటన సిద్ధాంతానికి ఆద్యుడైన జార్జ్ లమేత్ర్ స్వయానా క్యాథలిక్ ఫాదర్. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా చూపిస్తే ఆయనకే నచ్చలేదు.

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? దశావతారాల్లో డార్విన్‌ను వెతుకుతారు! సైన్సు రేపు మాట మార్చుకోవచ్చు, అదే దాని గొప్ప. అప్పుడు దేవుణ్ణీ మార్చుకుంటామా? పిల్లకు రాయి వయసు ఉన్నదున్నట్టు చెప్పండి. గ్రంథాన్ని గ్రంథంగా చదివించండి. ఆ రెంటికీ ముడిపెట్టే పెద్దరికం మనకొద్దు.