ఇంటి మాట: రెండు ఫైళ్ళు

మొన్న సంక్రాంతికి కోవిల్‌పట్టి వెళ్తే మా చెల్లెలు రెండు ఫైళ్ళు ముందు పెట్టింది. ఆరేళ్ళ మేనల్లుడి కంట్లో తాంబూలం సున్నం పడింది. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ సంస్థ వైద్యులు 2012లో వెల్లడించిన పద్ధతిలో, మంచి కంటి నల్లగుడ్డు అంచు నుంచి చిన్న పొర తీసి, ముక్కలు చేసి, మాయపొర మీద అతికించారు. మూలకణాలు అల్లుకుని కన్ను తేటపడింది. చూపు మాత్రం రాలేదు!

మంచి కంటికి రోజూ కాసేపు గంత కట్టి, సోమరి కంటికి పని చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ అది కష్టం. కోసినవారు ఆ మాట చెప్పలేదు. ఎనిమిది నెలలకు పక్కింటి పెద్దమ్మ చెబితే విరుదునగర్ తీసుకెళ్ళింది. అక్కడ అభ్యాసం చేయించే అమ్మాయి, "ఎప్పుడు కోశారమ్మా, ఎంత పొర తీశారు?" అంటే చెల్లెలికి నోట మాట లేదు.

ఇద్దరిచేతా ఫోన్లో మాట్లాడించాను. పది నిమిషాల పని. ఇప్పుడు మావాడు గంత కట్టుకుని బియ్యంలో కందులు ఏరుతున్నాడు. నిన్న పదకొండు ఏరాడట.