చిప్ వేగం గెలవలేని లెక్కల్ని ర్యాండమ్ గెలిచింది

కొత్త ఫోన్ లాంచ్ అయిన ప్రతిసారీ మన చర్చ ఒకచోటే మొదలవుతుంది. అంటుటు స్కోర్ ఎంత? పాత చిప్ కంటే ఎంత శాతం ఫాస్ట్? నేనూ ఆ స్కోర్లు చూసే ఫోన్ కొంటాను, ఇందులో దాచేదేం లేదు. కానీ చిప్ వేగం పెరిగితే చాలు, ఏ లెక్కయినా తేలిపోతుందన్న నమ్మకం మాత్రం తప్పు. సైన్స్‌లో చాలా పెద్ద లెక్కలు తేలడానికి ర్యాండమ్‌గా శాంపిల్స్ తీసుకునే అల్గారిథమ్స్ కూడా కారణం. నన్నడిగితే క్రెడిట్‌లో పెద్ద వాటా వాటికే ఇవ్వాలి.

ఎందుకో చిన్న లెక్కతో చూద్దాం. ఒక సమస్యలో 20 వేరియబుల్స్ ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి 10 విలువలు పెట్టి అన్ని కాంబినేషన్లూ చూడాలంటే, 1 పక్కన 20 సున్నాలు పెట్టినన్ని సార్లు లెక్కించాలి. సెకనుకు 100 కోట్ల కాంబినేషన్లు చూసే ప్రాసెసర్‌కి దాదాపు 3,170 ఏళ్లు పడుతుంది. వచ్చే ఏడాది రెట్టింపు వేగంతో కొత్త చిప్ వచ్చిందా? అయితే 1,585 ఏళ్లు!

సరే, సూపర్ కంప్యూటరే తెద్దాం. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్‌లో ఉన్న ఫ్రాంటియర్, 2022లో సెకనుకు 1 పక్కన 18 సున్నాలన్ని లెక్కల మార్కు దాటింది. ఒక్కో కాంబినేషన్‌కి ఒకే లెక్క చాలనుకుంటే, మన సమస్యను అది 100 సెకన్లలో ముగిస్తుంది. అదే సమస్యకి ఇంకో 10 వేరియబుల్స్ కలపండి. మళ్లీ 31,000 ఏళ్ల పైమాటే. నిజమైన ఫిజిక్స్ సమస్యల్లో వేరియబుల్స్ వేలల్లో ఉంటాయి.

దీనికి దారి పేకముక్కల దగ్గర దొరికింది. 1946లో స్టానిస్లా ఊలమ్ అనే గణిత శాస్త్రవేత్త జబ్బు నుంచి కోలుకుంటూ సాలిటైర్ ఆడేవారు. ఆట గెలిచే అవకాశం ఎంతో సూత్రాలతో తేల్చబోయి విసిగిపోయారు. ఓ వంద ఆటలు ఆడి, ఎన్ని గెలిచామో లెక్కపెడితే పోలా అనిపించింది. ఆ ఐడియాని జాన్ వాన్ నాయ్‌మన్‌తో పంచుకున్నారు. అణ్వాయుధాల పని జరిగే లాస్ అలమోస్ ల్యాబ్‌కి అప్పుడు న్యూట్రాన్లు పదార్థంలో ఎలా ప్రయాణిస్తాయో తెలియాలి. ఒక్కో న్యూట్రాన్ దేన్నైనా గుద్దుకుందా, బయటికి పోయిందా అన్నది ర్యాండమ్ నంబర్లతో తేలుస్తూ, 1948లో ఎనియాక్ మీద ఆ లెక్క నడిపారు. సెకనుకు 5,000 కూడికలు చేసే మెషీన్ అది! నికోలస్ మెట్రోపోలిస్ ఈ పద్ధతికి కాసినోలకు పేరున్న ఊరి పేరే పెట్టారు: మాంటే కార్లో.

ఇదెలా పనిచేస్తుందో మన వంటింట్లో అందరికీ తెలుసు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నెడు అన్నం తినం, నాలుగు మెతుకులు పట్టి చూస్తాం. గిన్నె పెద్దదైందని వందల మెతుకులు పట్టి చూడం కదా. మాంటే కార్లో బలం కూడా ఇదే. శాంపిల్స్ 4 రెట్లు చేస్తే తప్పు సగమవుతుంది, 100 రెట్లు చేస్తే పదో వంతు అవుతుంది. వేరియబుల్స్ 3 ఉన్నా 300 ఉన్నా ఈ సూత్రం మారదు.

అయితే ఒక్క అంకె అదనంగా సరిగ్గా రావడానికి 100 రెట్లు పని అంటే ఖరీదైన బేరమే. దీన్ని చవక చేసే కిటుకుల్లో ఒకదాని వెనక మన తెలుగాయన ఉన్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు 1945లో ప్రచురించిన పేపర్‌లోని ఫలితం, తర్వాత రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతంగా పేరు పొందింది. మాంటే కార్లో వాడేవాళ్లు దాన్ని ఇలా వాడుకుంటారు: జవాబులో సూత్రంతో తేలే భాగాన్ని సూత్రంతోనే తేల్చి, మిగతాదానికే ర్యాండమ్ వాడతారు. శాంపిల్స్ పెంచకుండానే తప్పు తగ్గుతుంది.

"ర్యాండమ్ అంటే గుడ్డి ఊహే కదా?" అని మీరు అడగొచ్చు. నాకూ ఈ ప్రశ్న ఎదురైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద డేటా మీద ఒక రిపోర్ట్ చేయాల్సి వచ్చింది. శాంపిల్ తీసి పది నిమిషాల్లో అంచనా ఇస్తానన్నాను. "రన్ చేసిన ప్రతిసారీ వేరే ఆన్సర్ వస్తే క్లయింట్‌కి ఏం చెప్తావ్?" అన్నారు మా లీడ్. నా దగ్గర జవాబు లేదు. మొత్తం డేటా మీదే జాబ్ రన్ చేశాం. కచ్చితమైన ఆన్సర్ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. నిర్ణయం పొద్దున మీటింగ్‌లోనే అయిపోయింది.

ఇప్పుడైతే చెప్పగలను. సీడ్ ఫిక్స్ చేస్తే ప్రతిసారీ అదే ఆన్సర్ వస్తుంది. అంతకన్నా ముఖ్యం, తప్పు ఎంతవరకు ఉండొచ్చో ఆన్సర్ పక్కనే రాసివ్వొచ్చు.

మరి గుడ్డిగా నమ్మొచ్చా? వద్దు. గిన్నెలో ఎప్పుడూ పైమెతుకులే పట్టి చూస్తే అడుగు మాడినా తెలియదు. 1992లో ఫెరెన్‌బర్గ్, లాండౌ, వాంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దాదాపు ఇలాంటిదే బయటపెట్టారు. మంచివని పేరున్న ర్యాండమ్ నంబర్ జనరేటర్లు కూడా కొన్ని ఫిజిక్స్ సిమ్యులేషన్లలో తప్పు జవాబులిచ్చాయి. సరైన జవాబు ముందే తెలిసిన సమస్య మీద పరీక్షించారు కాబట్టి దొరికిపోయాయి. చెక్ చేయడం ఈ పద్ధతిలో భాగమే.

అందుకే గ్యాడ్జెట్లు కొనే మనం కూడా సైన్స్ నుంచి ఒక అలవాటు తెచ్చుకోవాలి. వాచ్ మీద ఆక్సిజన్ 97 అని కనిపిస్తుంది. అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో అక్కడ ఉండదు. కెమెరా, బ్యాటరీతో పాటు రివ్యూల్లో ఆ తేడా గురించి కూడా అడుగుదాం. తప్పు ఎంతో చెప్పని 97 కంటే, "95కీ 99కీ మధ్య" అని చెప్పే వాచ్‌నే నేను నమ్ముతాను.